ఆర్ స్క్రిప్టుకు మండలం పేరు బయటి నుంచే ఇవ్వండి

మా అనంతపురం వైపు వర్షపాతం లెక్కలతో కుస్తీ పట్టేవాళ్లు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న స్క్రిప్టులు చూస్తుంటాను. దాదాపు అన్నింట్లోనూ మొదటి లైనులో మండలం పేరు రాసేసి ఉంటుంది. కళ్యాణదుర్గం అయిపోయాక రాయదుర్గం కావాలంటే ఫైలు తెరవడం, పేరు మార్చడం, సేవ్ చేసి మళ్లీ రన్ చేయడం. ఇంకొందరైతే మండలానికో కాపీ పెట్టుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి 63 మండలాల్లో 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినా మనకింకా 31 మిగిలాయి, అంటే 31 ఫైళ్లు, రేపు ఫార్ములాలో చిన్న మార్పు వస్తే అన్నీ దిద్దాలి. ఏంటికి చెప్పండి ఈ తిప్పలు?

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ఆర్‌స్క్రిప్ట్ అని కొట్టి, స్క్రిప్టు పేరు, దాని పక్కనే డేటా ఫైలు పేరు, మండలం పేరు, వర్షపు రోజుకు హద్దుగా 2.5 అని వరుసగా ఇస్తే చాలు. ఇలా బయటి నుంచి ఇచ్చేవాటినే ఆర్గ్యుమెంట్లు అంటారు. స్క్రిప్టు లోపల వాటిని అందుకునే ఫంక్షన్ కమాండ్‌ఆర్గ్స్. కమాండ్, ఆర్గ్స్ కలిపి రాయాలి, మధ్యలో ఇంగ్లిషు ‘ఏ’ (A) ఒక్కటే పెద్దక్షరం. ఊరికే పిలిస్తే ఆర్ ప్రోగ్రామ్ ఎక్కడుందో ఆ దారి, స్క్రిప్టు ఫైలు పేరు, మనం అడగని ఇంకో రెండు మూడు ఆప్షన్లు కూడా తెచ్చి ముందర పోస్తుంది, అందుకే ట్రెయిలింగ్‌ఓన్లీ ఈక్వల్‌టు ట్రూ అని పెట్టండి, అప్పుడు మనం ఇచ్చినవి మాత్రమే వస్తాయి. 2007లో ఆర్‌స్క్రిప్ట్ రాకముందు ఇదే పనికి ఆర్ సిఎమ్‌డి బ్యాచ్ వాడేవాళ్లు. ఇప్పటికీ పనిచేస్తుంది గానీ ఫలితాన్ని తెర మీద చూపించకుండా వేరే ఫైల్లో రాస్తుంది, నాకైతే నచ్చదు.

అసలు చిక్కు ఇక్కడ కాదు. బయటి నుంచి వచ్చే ప్రతిదీ అక్షరాలుగానే వస్తుంది, మీరు 2.5 ఇచ్చినా సరే. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే అది వర్షపు రోజు, కాబట్టి ఆ హద్దును ఆర్గ్యుమెంటుగా ఇచ్చి రోజూ పడిన వానతో పోల్చారనుకోండి. ఒకవైపు అంకె, ఇంకోవైపు అక్షరాలు ఉంటే ఆర్ అంకెను కూడా అక్షరాలు చేసేసి డిక్షనరీ వరుసలో పోలుస్తుంది. 10లో మొదటిది 1, అది 2 కంటే ముందు వస్తుంది, కాబట్టి 10 మిల్లీమీటర్ల వాన 2.5 కంటే తక్కువ! 30 పడితే మాత్రం సరిగ్గానే లెక్కలోకి వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, గ్రాఫ్ చక్కగా వస్తుంది, జిల్లాలో వర్షపు రోజులు తగ్గిపోతాయి. అసలే వానలు తక్కువ జిల్లా కదా, చూసినవాడు నమ్మేస్తాడు కూడా. అదే కూడికో గుణకారమో చేసి ఉంటే ఆర్ వెంటనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది, పోలికలోనే నోరు మెదపదు.

అందుకని అందుకున్న లైనులోనే యాజ్ న్యూమరిక్‌తో అంకెగా మార్చేయండి. యాజ్ ఇంటిజర్ జోలికి పోవద్దు, 2.5ని చెప్పాపెట్టకుండా 2 చేస్తుంది. మండలం కోడ్ సున్నాతో మొదలయ్యేదైతే దాన్ని మార్చనే మార్చకండి, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. అవును, కాదు లాంటివి ఇవ్వాలంటే ట్రూ, ఫాల్స్ అనే ఇవ్వాలి, యాజ్ లాజికల్‌కు యెస్ అని ఇస్తే ఎన్ఏ, అంటే విలువ లేదు అని వస్తుంది.

పేరులో ఖాళీ ఉంటే ఇంకో గొడవ. ఉరవకొండ, గుంతకల్లు ఇబ్బంది పెట్టవు. డి. హీరేహాల్ అని కొట్టారంటే డి. ఒక ఆర్గ్యుమెంటు, హీరేహాల్ ఇంకొకటి అయిపోయి 2.5 ఉండాల్సిన చోట ఊరి పేరు కూర్చుంటుంది. కోట్స్‌లో పెట్టండి. విడగొట్టేది ఆర్ కాదు, టెర్మినల్‌లో మన కమాండ్లను అందుకునే షెల్, అందుకే స్క్రిప్టు లోపల ఏం చేసినా లాభం లేదు.

ఇవ్వడం మరిచిపోతే? మూడోది లేకపోయినా ఆర్ ఏమీ అనదు, ఎన్ఏ ఇచ్చి ముందుకు పోతుంది. మొదట్లోనే ఎన్ని వచ్చాయో లెంగ్త్‌తో చూసి, తక్కువైతే స్టాప్‌తో ఎలా వాడాలో చెప్పి ఆపేయండి. ఆర్‌స్క్రిప్ట్‌లో స్టాప్ తగిలితే షెల్‌కు 1 అని, అంటే పని చెడిందని కబురు వెళ్తుంది, 31 మండలాలను లూప్‌లో తిప్పేటప్పుడు ఎక్కడ చెడిందో దాంతో పట్టుకోవచ్చు. కొందరు రీడ్‌లైన్ పెట్టి మండలం పేరు అడిగించాలని చూస్తారు. ఆర్‌స్క్రిప్ట్‌లో అది మీ కోసం ఆగదు, ఖాళీ జవాబు తీసుకుని పోతూనే ఉంటుంది.

రెండు మూడు ఆర్గ్యుమెంట్లకు ఇది చాలు. అంతకు మించితే వరుస గుర్తుండదు, అప్పుడు ఆప్ట్‌పార్స్ ప్యాకేజీ వేసుకోండి, ఒక్కోదానికి పేరు, డిఫాల్ట్ విలువ పెట్టొచ్చు, హెల్ప్ కూడా అదే రాసిపెడుతుంది. ఒకటే జాగ్రత్త, చిన్న జి అక్షరాన్ని షార్ట్ ఆప్షన్‌గా, అంటే ఒక్క అక్షరపు పేరుగా పెట్టుకోకండి. లినక్స్‌లో ఆర్ దాన్ని తన గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్‌కు సంబంధించిందనుకుని ముందే లాగేసుకోవచ్చు, గ్రామానికి జి అని పెట్టుకుంటే ఇక అంతే.