కబ్ మోడల్‌కి తోక చక్రం: స్ప్రింగులు, టిల్లర్, కాస్త ఓపిక

నా రేడియో కంట్రోల్ మోడల్ విమానం, 1.8 మీటర్ల రెక్కల పైపర్ జె-3 కబ్‌లో ఇంక మిగిలిన పెద్ద పని తోక చక్రమే. కిట్‌తో ఇచ్చిన పద్ధతిలో చక్రం వైరు నేరుగా రడ్డర్‌లోకి (ముక్కుని కుడి ఎడమలకు తిప్పే తోక పలకలోకి) దిగుతుంది. బరువు తక్కువ, బిగించడం తేలిక, కానీ గడ్డి నేల మీద దిగిన ప్రతిసారీ దెబ్బంతా రడ్డర్ హింజులకూ అక్కడినుంచి సర్వో (రడ్డర్‌ని కదిపే చిన్న మోటారు) గేర్లకూ తగులుతుంది. పైగా వైరు తిరిగే చోటు హింజు గీతకు సూటిగా లేకపోతే రడ్డర్ పట్టేస్తుంది. అందుకే దాన్ని పక్కన పెట్టి, అసలు కబ్ విమానంలో ఉన్నట్టే స్ప్రింగుల పద్ధతి పెట్టాను, ఇందులో చక్రం విడిగా బ్రాకెట్‌లో ఉంటుంది, రడ్డర్ దాన్ని రెండు స్ప్రింగులతో లాగి తిప్పుతుంది.

తోక కింద 3 మి.మీ. ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో అతికించి బ్రాకెట్‌ని దానికే స్క్రూలతో బిగించాను, ఒట్టి బాల్సా (మెత్తని తేలిక కర్ర)లో స్క్రూ నిలవదు. రడ్డర్ హార్న్ (రడ్డర్‌కి రెండు పక్కలా ఉండే చేయి) రంధ్రాలు హింజు నుంచి చెరో పక్క 20 మి.మీ. దూరంలో, టిల్లర్ (చక్రాన్ని తిప్పే చేయి) రంధ్రాలు 30 మి.మీ. దూరంలో ఉన్నాయి. దీంతో రడ్డర్ 25 డిగ్రీలు తిరిగితే చక్రం సుమారు 16 డిగ్రీలే తిరుగుతుంది, స్ప్రింగు సాగుడు పోను ఇంకా తక్కువే. అంతే చాలు. చక్రం ఎక్కువ తిరిగేలా పెట్టుకుని, వేగంలో ఒక్కసారిగా గిర్రున తిరిగిపోతే గాలి మీద నెపం వేసేవాళ్లు మైదానంలో ఎప్పుడూ ఉంటారు.

స్ప్రింగులు మెత్తనివే వాడాను. రెండువైపులా సమానంగా, వదులు లేకుండా, అలాగని వీణ తీగల్లా కాకుండా బిగించాలి. కుడి హార్న్ నుంచి కుడి టిల్లర్‌కే వెళ్లాలి, అడ్డంగా వేస్తే చక్రం ఎదురు దిక్కుకి తిరుగుతుంది. ఇంకో సంగతి, విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడే చక్రం కుడి ఎడమలకు తిరిగే నిలువు ఇరుసు వాలు చూడాలి. దాని పైభాగం వెనక్కి వాలి ఉంటే పరుగులో చక్రం గడగడ వణుకుతుంది.

ముందు చక్రాలకు చెరో డిగ్రీ టో-ఇన్ (ముందు అంచులు లోపలికి తిరిగేలా) ఇచ్చాను. దీని మీద ఇద్దరు కూర్చుంటే మూడు అభిప్రాయాలు వస్తాయి గానీ, నా కబ్ మాత్రం దీనితో సూటిగానే పోతోంది. ట్రాన్స్‌మిటర్‌లో రడ్డర్‌కి 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలిక మెత్తగా ఉండే అమరిక) పెట్టాను. ట్యాక్సీలో (నేల మీద నడిపేటప్పుడు) ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ వెనక్కి లాగి ఉంచితే తోక మీద బరువు పడి చక్రం మాట వింటుంది, వెనక గాలి గట్టిగా ఉంటే మాత్రం ముందుకు తోయాలి. టేకాఫ్‌లో థ్రాటిల్ మెల్లగా పెంచుతూ కుడి రడ్డర్ కొంచెం పట్టుకోవాలి, ఎందుకంటే ప్రొపెల్లర్ ముక్కుని ఎడమకి లాగుతుంది.

బరువు విషయానికొస్తే, మొత్తం ఏర్పాటు 12 గ్రాములు. సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) నుంచి తోక చక్రం 80 సెం.మీ., ముక్కు 25 సెం.మీ. దూరం, అంటే ముందు దాదాపు 38 గ్రాముల సీసం కావాలి. అది పెట్టే బదులు బ్యాటరీని ముందుకి జరిపితే సరిపోయింది. గ్రబ్ స్క్రూలకు (తల లేని చిన్న స్క్రూలకు) థ్రెడ్‌లాక్ (వదులవకుండా పట్టే జిగురు) పెట్టడం ఇంకా మిగిలింది, అది ఆరాక ఎగరేస్తాను.