గూళ్ల లెక్క

ఆదివారం. బయటికి వెళ్లబుద్ధి కాలేదు. బట్టలు ఉతికి ఆరేసి, మధ్యాహ్నమంతా సీగల్స్ అనే సముద్రపు పిట్టల గురించి చదువుతూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ వాటిని దొంగ పిట్టలనే అనుకునేదాన్ని. చెత్తకుప్పయినా, పడవయినా తిండి దొరికితే చాలు, వాటికేం లోటు అని.

తీరా చూస్తే బ్రిటన్‌లో హెర్రింగ్ గల్ అనే రకం సీగల్ 2009 నుంచి రెడ్ లిస్టులో, అంటే ఎక్కువ ఆందోళన కలిగించే పిట్టల జాబితాలో ఉందట. అదే బ్రిటన్‌లో, ఇంటి కప్పుల మీద ఇవి గూళ్లు పెట్టి నిద్ర పోనివ్వడం లేదని జనం గోల పెడతారు. కొండచరియల మీద తగ్గడమూ నిజమే, కప్పుల మీద పెరగడమూ నిజమే.

ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం స్పెయిన్‌లోని ఎబ్రో నది డెల్టా దగ్గర. అక్కడ 1981లో ఆడువాన్ గల్స్ అనే ఇంకో రకం సీగల్స్ 36 జంటలు వచ్చి గూళ్లు కట్టుకున్నాయి. 2006 నాటికి 15 వేల జంటలు దాటాయి! ప్రపంచంలో ఉన్న ఆ జాతిలో సగానికి పైగా అక్కడి ఒక్క ఇసుకతిన్నె మీదే. పెద్ద వలలు లాగే చేపల పడవల (ట్రాలర్ల) వాళ్లు పనికిరాని చేపల్ని తిరిగి సముద్రంలో పారేస్తుంటే, వీటికి అది అప్పనంగా దొరికిన తిండి. ఆ తర్వాత గ్రాఫులో జంటల లెక్క చూపే గీత దిగజారింది. ఆ తిన్నెను ఒడ్డుతో కలిపే సన్నటి ఇసుకదారి వెంట నక్కలు వచ్చి పడ్డాయి. నేలమీద గుడ్లు పెట్టే పిట్టకి నక్కంటే ఇంకేముంది.

ఆ గీత చూడగానే అన్నీ చచ్చిపోయాయనుకున్నాను. కాదు, చాలా జంటలు వేరే తావులు వెతుక్కున్నాయి, ఓడరేవుల్లో కూడా గూళ్లు పెట్టాయి. అంటే ఒక్క చోటి గూళ్లు లెక్కపెట్టి జాతి గతి చెప్పేస్తే తప్పులో కాలేసినట్టే. (గూళ్లు పెట్టే కాలంలో వీటిని ఎక్కువగా లెక్కపెట్టేది పిట్టలుగా కాదు, గూళ్లుగా. ఎగిరేవాటిని ఎవరు లెక్కపెట్టగలరు?)

తిరకాసు ఇంకోటి ఉంది. సీగల్ ఏడాదికి పెట్టేది మామూలుగా రెండు మూడు గుడ్లు. హెర్రింగ్ గల్ పిల్ల నాలుగేళ్లకు గానీ గూడు కట్టదు. కానీ ఆయుష్షు ఎక్కువ, ఇరవై ఏళ్లు దాటి బతికేవీ ఉన్నాయి. కాబట్టి వరసగా కొన్నేళ్లు పిల్లలు ఒక్కటీ దక్కకపోయినా, పాత జంటలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి, లెక్క నిండుగానే కనిపిస్తుంది. గూళ్లు తగ్గడం మనకు తెలిసేసరికి అసలు నష్టం జరిగి ఏళ్లయి ఉంటుంది. ఇది చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

నోటుబుక్కు వెనక పేజీలో ఆ గీతను పెన్సిల్‌తో వేసుకున్నాను. అది కిందికి వంగే చోట చిన్న నక్క బొమ్మ కూడా గీశాను. కుక్కలా వచ్చింది. ఈలోగా చినుకులు మొదలయ్యాయి, బట్టలు మళ్లీ తడిశాయి.