నేలలోనుంచి మొర

అమ్మాయి వాళ్లు ఉండేది వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో. అక్కడ సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. హిట్లర్ కాలంలో నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన చరిత్ర చెప్పే హోలోకాస్ట్ మ్యూజియం అక్కడికి నాలుగడుగులు. చూడాలని ఉందని నేను అన్నప్పుడు వాళ్ల పక్కింటి పెద్దావిడ "నేనూ వస్తాను" అన్నారు. ఆవిడ యూదులు, వయసు డెబ్బై దాటింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున ముగ్గురం బయల్దేరాం.

లోపల చిన్న పాస్‌పోర్టులాంటి కార్డు తీసుకుంటాం. ఒక్కో కార్డులో ఆ రోజుల్లో నిజంగా బతికిన ఒక మనిషి కథ ఉంటుంది. లిఫ్టులో నాలుగో అంతస్తుకి వెళ్లి, ఒక్కో అంతస్తూ చూసుకుంటూ కిందికి దిగాలి. అన్నీ చెప్పలేను. చెప్పుల గది ఒక్కటి చెబుతాను. పోలాండ్‌లోని మైదానెక్ నాజీ శిబిరంలో చంపేసినవాళ్ల కాళ్లవి, 4,000 దాకా ఉన్నాయి. అన్నీ ఒకటే బూడిద రంగులోకి తిరిగిపోయాయి. గదిలోకి అడుగు పెట్టగానే పాత తోలు వాసన వచ్చింది. నా ముందున్న కుప్పలో అరచేయంత పసిపిల్లల జోడు, ఒక దానికి బకిల్ ఇంకా పెట్టే ఉంది. ఎవరో వంగి పెట్టిన బకిల్ అది. "నాన్నా, కాసేపు కూర్చుందామా" అంది మా అమ్మాయి.

చివర్లో ఆరు పలకల స్మారక మందిరం ఉంది. ఆరని జ్యోతి, చుట్టూ జనం వెలిగించిన కొవ్వొత్తులు. గోడ మీద ఆదికాండంలోని వాక్యం చెక్కారు, తమ్ముణ్ని చంపిన కయీనుతో దేవుడన్న మాట. మిషన్ స్కూల్లో చదువుకున్నాను కాబట్టి అది నాకు తెలుగులో నోటికొచ్చు: "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది." చిన్నప్పుడు అప్పజెప్పిన మాటే గానీ ఆ రోజు ఒళ్లు జలదరించింది.

హీబ్రూలో ఆ మాట 'రక్తం' కాదు, 'రక్తాలు' అట. చనిపోయినవాడిదే కాదు, వాడికి పుట్టాల్సిన వాళ్లందరి రక్తమూ అని వాళ్ల పెద్దలు అర్థం చెప్పారు. ఆ సంగతి చెప్పి ఆవిడ లేవీయకాండంలోని ఇంకో ఆజ్ఞ ఎత్తారు: పొరుగువాడి రక్తం కారుతుంటే నిలబడి చూడకు. "మాకు ఇది సలహా కాదు. శనివారం పని మానెయ్యడం ఎలాంటి విధో ఇదీ అంతే" అన్నారు.

పొరుగువాడంటే యూదుడేనా అని అడిగాను. ఆవిడ ఎలీ వీజెల్ సంగతి చెప్పారు. ఆయన ఆష్విట్జ్ అనే నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. 1993 ఏప్రిల్ 22న ఇదే మ్యూజియం ప్రారంభోత్సవంలో, చలిలో, వానలో మాట్లాడుతూ ప్రెసిడెంట్ క్లింటన్ వైపు తిరిగారట. యుగోస్లావియాలో చూసొచ్చినదానికి నిద్ర పట్టడం లేదనీ, ఆ రక్తపాతం ఆపడానికి ఏదో ఒకటి చెయ్యాలని యూదుడిగా చెబుతున్నాననీ అన్నారట. అక్కడ చస్తున్నది ఎక్కువగా బోస్నియా ముస్లింలు. ఆయన అలా అడిగిన రెండేళ్లకి, 1995 జులైలో, బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో దాదాపు 8,000 మంది మగవాళ్లనీ మగపిల్లల్నీ చంపేశారు.

2004లో, ఊచకోత జరుగుతున్న సూడాన్‌లోని డార్ఫుర్ ప్రాంతం కోసం ఈ మ్యూజియమూ, అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్ సంస్థా కలిసి సేవ్ డార్ఫుర్ ఉద్యమాన్ని మొదలుపెట్టాయి. 2006 ఏప్రిల్ 30న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో వేల మంది చేరారు. ఐగుప్తు బానిసత్వం నుంచి యూదుల విడుదలని తలచుకునే పస్కా పండుగ అయి పది రోజులే. ఐగుప్తులో మీరూ పరదేశులే కదా అని పండుగంతా చదువుకున్నాక ఇంట్లో కూర్చోలేకపోయానని, మనవల్ని వెంటబెట్టుకుని వెళ్లానని ఆవిడ చెప్పారు.

గాజా గురించి అడగడానికి మొహమాటపడ్డాను. ఆవిడే ఎత్తారు. ఇదే ఆజ్ఞ చూపించి ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీసిన రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. తన ఇంట్లోనే భోజనాల దగ్గర గొడవలయ్యాయన్నారు. "బయటివాళ్లు చేస్తే మాట్లాడటం తేలికే" అన్నప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఆ మాటతో నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇదే మ్యూజియం 2012లో మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి వీజెల్ పేరిట అవార్డిచ్చి, అక్కడి ముస్లింలైన రోహింగ్యాల ఊచకోత మీద ఆవిడ నోరు విప్పలేదని 2018లో వెనక్కి తీసుకుంది. రోహింగ్యాలు మా హైదరాబాద్‌లోనూ ఉన్నారని అన్నాను. ఆవిడ చప్పున ఇటు తిరిగి "ఏ ఊరివాళ్లు? ఏం జరిగిందని చెప్పారు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. బాలాపూర్ అంటే మనకి గణేశుడి లడ్డూ వేలంపాట. ఆ పక్కనే టార్పాలిన్ గుడిసెల్లో వాళ్లుంటారని తెలుసు. ఏళ్లుగా ఆ దారినే తిరిగాను. ఒక్కసారి ఆగి అడగలేదు. తిరుగు రైల్లో మెట్రో చప్పుడుకి కళ్లు మూసుకున్నా ఆవిడ ప్రశ్నే వినిపించింది.

జూన్‌లో ఇంటికొచ్చాక రెండో వారం బాలాపూర్ వెళ్లాను. ఒక గుడిసె ముందు పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. నా వచ్చీ రాని ఉర్దూలోనే అడిగాను. ముందు ఊరు చెప్పాడు, మయన్మార్‌లో మౌంగ్‌డా దగ్గర పల్లె. తర్వాత తనతో రాలేకపోయిన అన్నదమ్ముల పేర్లు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు.