డిష్ యాంటెన్నా లెక్కతో పరావలయం చాప్టర్ ఎలా పట్టుబడిందంటే

పరావలయంలో (పారాబోలాలో) ఫార్ములాలు బట్టీ పడుతున్నవాళ్లు ముందు డిష్ యాంటెన్నా లెక్క ఒక్కటి పట్టుకోండి. నాకు ఆ చాప్టర్ అసలు ఒంటబట్టింది దీనితోనే.

ప్రశ్న మామూలుగా ఇలా వస్తుంది: డిష్ అంచు దగ్గర వ్యాసం 120 సెం.మీ., మధ్యలో లోతు 15 సెం.మీ., రిసీవర్‌ని శీర్షం (డిష్ అడుగున మధ్య బిందువు) నుంచి ఎంత దూరంలో పెట్టాలి? శీర్షాన్ని మూలబిందువు దగ్గర పెట్టి, డిష్ అక్షాన్ని ఎక్స్-అక్షంగా తీసుకుంటే సమీకరణం వై² = 4ఏఎక్స్. ఇందులో ఏ అంటే శీర్షం నుంచి నాభికి, అంటే తరంగాలన్నీ వచ్చి కలిసే బిందువుకి ఉన్న దూరం; రిసీవర్ పెట్టాల్సింది అక్కడే. అంచు మీద బిందువు (15, 60): లోతు 15, వ్యాసంలో సగం 60. 3600 = 60ఏ, అంటే ఏ = 60. అంతే, నాభి 60 సెం.మీ. దూరంలో ఉంది. కంగారులో 60కి బదులు వ్యాసం 120 వేశారనుకోండి, జవాబు సరిగ్గా నాలుగు రెట్లు, 240 వస్తుంది. మీటరుంపావు కూడా లేని డిష్‌కి రెండు మీటర్లు దాటిన కడ్డీ ఎవరు బిగిస్తారు?

వ్యాసం వర్గాన్ని లోతుకి 16 రెట్లతో భాగిస్తే చాలు అనే షార్ట్‌కట్ కూడా ఇందులోంచి వచ్చేదే. లోతు వ్యాసంలో నాలుగో వంతు ఉంటే నాభి సరిగ్గా అంచుల మట్టానికి వస్తుంది, అప్పుడు ఆ వ్యాసమే నాభిలంబం (నాభి మీదుగా అక్షానికి లంబంగా, పరావలయం ఒక వైపు నుంచి రెండో వైపుకి గీసిన గీత). మన లెక్కలో నాలుగో వంతు 30, లోతు 15 మాత్రమే, కాబట్టి నాభి డిష్ బయటే ఉండాలి. ఈ చెక్‌కి పెన్ను కూడా అక్కర్లేదు.

రిసీవర్‌ని నాభి దగ్గరే ఎందుకు పెట్టాలి అన్నదే నాకు బాగా నచ్చిన భాగం. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. అంచుల మట్టం నుంచి లెక్కపెడితే, మధ్యలోకి వచ్చిన తరంగం 15 సెం.మీ. లోపలికి పోయి, 60 వెనక్కి వస్తుంది, మొత్తం 75. అంచుకి తగిలింది నేరుగా (15, 60) నుంచి (60, 0)కి పోతుంది, 45, 60 భుజాలున్న లంబకోణ త్రిభుజం కర్ణం, అదీ 75! మధ్యలో ఏ బిందువు తీసుకున్నా ఇంతే. నాభి నుంచి దూరం, నియతరేఖ (శీర్షానికి వెనక, నాభి ఉన్నంత దూరంలోనే అక్షానికి లంబంగా ఉండే గీత) నుంచి దూరం సమానం అనే పరావలయం నిర్వచనం చేసే పని ఇదే, అందుకే తరంగాలన్నీ ఒకే ఫేజ్‌లో, అంటే ఎత్తుపల్లాలు ఒకేసారి వచ్చేలా, కలిసి సిగ్నల్ బలపడుతుంది.

డాబా మీది డిష్‌కి టేపు పెట్టి చూద్దామనుకుంటే మాత్రం ఆగండి. అవి ఎక్కువగా ఆఫ్‌సెట్ రకం, పెద్ద పరావలయజంలో (పరావలయాన్ని అక్షం చుట్టూ తిప్పితే వచ్చే గిన్నె ఆకారంలో) ఒక పక్క ముక్క. రిసీవర్ నీడ డిష్ మీద పడకుండా అలా చేస్తారు. శీర్షం డిష్ మధ్యలో ఉండదు కాబట్టి పై షార్ట్‌కట్ వాటికి పనిచేయదు.