ప్యాచ్‌లు, ప్రెజరు: 2021 డిసెంబర్‌లో నా అనుభవం

నాన్న వాడిన ప్రెజర్ మిషన్ బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద దొరికింది. చేతికి చుట్టే పట్టీ వెల్‌క్రో నిండా దారప్పోగులు. బ్యాటరీలు కారిపోయి తెల్లటి పొడి కట్టింది. అమ్మ ఆ పొడిని గుడ్డతో తుడిచి, వీధి చివర కొట్టు నుంచి కొత్త బ్యాటరీలు తెప్పించి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏటే, చెయ్యివ్వు. మీ నాన్న కూడా నాకేటీ లేదనే తిరిగారు, పక్షవాతం వచ్చేదాకా."

పైన 164, కింద 102. డిసెంబర్ 13, సోమవారం పొద్దున్న.

మాది పర్లాకిమిడి. ఊళ్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి, మా వీధిలో మాటలు తెలుగులో నడుస్తాయి. అప్పటికి నాకు 39 ఏళ్లు. కరోనా మొదలైనప్పటి నుంచి హైదరాబాద్ కంపెనీ పని ఇక్కడి నుంచే చేస్తున్నాను. సర్వర్లు చూసుకునే ముగ్గురిలో నేనొకదాన్ని. మూడు వారాలకోసారి రాత్రి డ్యూటీ ఫోను నా తలగడ పక్కన ఉంటుంది.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం సాయంత్రం నుంచి ఆ ఫోను ఆగలేదు. కారణం లాగ్‌ఫోర్‌జే. సాఫ్ట్‌వేర్ ఎవరొచ్చారు, ఏమడిగారు, ఎక్కడ తప్పింది అని ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. దాన్నే లాగ్ అంటాం. జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ రాతపని చేసిపెట్టేది లాగ్‌ఫోర్‌జే. రాయాల్సిన మాటలో డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్టు, జేఎన్‌డీఐ అన్న అక్షరాలు, ఒక చిరునామా కనిపిస్తే అది రాసి ఊరుకోకుండా, ఆ చిరునామాకి వెళ్లి అక్కడున్న కోడ్ తెచ్చి నడిపేసేది. పేరు నింపే గడిలో ఆ వరుస టైప్ చేస్తే చాలు, సర్వర్ పరాయివాడి చేతికి పోతుంది. అలీబాబా క్లౌడ్ భద్రతా బృందంలోని చెన్ జావోజున్ దీన్ని నవంబర్ 24న, లాగ్‌ఫోర్‌జేని విడుదల చేసే అపాచీ సంస్థ వాళ్లకి తెలియజేశారు. డిసెంబర్ 9కి లోకమంతా తెలిసిపోయింది. ప్రమాద తీవ్రత పదికి పది.

మా టీమ్ లీడ్ మొదటి మాట, "మనం జావా వాడం కదా, మనకెందుకు టెన్షన్?" నిజమే, మేం రాసింది జావా కాదు. కానీ రిపోర్టుల కోసం బయట కొన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అర్ధరాత్రి దాని ఫోల్డర్లు వెతుకుతూ పోతే, ఒక జార్ ఫైల్ (జావా కోడ్ కట్టిన మూట) లోపల ఇంకో జార్, దాని లోపల జేఎన్‌డీఐ లుకప్ అనే క్లాసు, అంటే ఆ చిరునామాకి వెళ్లే కోడ్ ముక్క. పైనుంచి పేర్లు చూసుకుంటూ పోతే దొరికేది కాదు. మొత్తం 11 సర్వర్లలో అది ఉంది. కొన్నిచోట్ల లోపం సరిచేసే ప్యాచ్, అంటే లాగ్‌ఫోర్‌జే కొత్త 2.15 వెర్షన్ వేశాం. వేయలేనిచోట, లాగ్‌ఫోర్‌జే అలా చిరునామాకి వెళ్లకుండా ఆపే సెట్టింగ్ ఒకటి పెడితే చాలన్నారు, పెట్టాం. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పడుకున్నాను. అప్పటికి ఎన్ని కాఫీలు తాగానో లెక్క లేదు.

అందుకే సోమవారం ఆ 164 చూసి నేను నమ్మలేదు. మిషన్ పాతదన్నాను. మా ఆయన, "నిద్ర లేదు, కాఫీల మీద ఉన్నావు, ఎవరికైనా అంతే వస్తుంది" అన్నారు. అమ్మ వినలేదు. మర్నాడు డాక్టర్ గారి దగ్గర 158/100 వచ్చింది.

ఆయన ఒడియాలో చాలా నిదానంగా అడిగారు: నొప్పి మాత్రలు వాడుతున్నారా? వాడుతున్నాను. మెడనొప్పికి రెండు నెలలుగా వారంలో నాలుగైదు రోజులు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవే. ఆ రకం నొప్పి మాత్రలు ప్రెజర్ పెంచుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ప్రశ్న ఆయన అడిగినందుకు నాకు ఈరోజుకీ కృతజ్ఞత ఉంది. అవి ఆపించి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, మూత్ర పరీక్ష, ఈసీజీ రాసి, వారంపాటు ఇంట్లో కొలవమన్నారు.

కొలవడం ఎలాగో అప్పుడే నేర్చుకున్నాను. అరగంట ముందు కాఫీ, టీ తాగకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపుకి కుర్చీ ఆనించి, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు లేకుండా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ జాకెట్టు చేతి మీద కాదు, ఒంటి మీదే. నిమిషం తేడాతో రెండుసార్లు. పొద్దునా సాయంత్రం. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. నాన్న మిషన్ పట్టీ నా చేతికి బిగుతుగా ఉంది. పట్టీ చిన్నదైతే ప్రెజర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట, అందుకని సరైన కొలత పట్టీ ఉన్న కొత్త మిషన్ కొన్నాను.

ఆ వారమే కంపెనీలో పని మళ్లీ మొదటికొచ్చింది. 2.15 సరిపోదని, మేం పెట్టిన సెట్టింగూ అన్ని సందర్భాల్లో కాపాడదని తేలి, 13న 2.16 వచ్చింది. అది వేసి ఊపిరి పీల్చుకునేలోగా 18న 2.17. అవే సర్వర్లు, అవే రాత్రులు. మా గ్రూపులో లాగ్‌ఫోర్‌జే రాసినవాళ్లని తిట్టని వాళ్లు లేరు. నాకు మాత్రం నోరు రాలేదు. అప్పట్లో వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, ఖాళీ వేళల్లో జీతం లేకుండా దాన్ని చూసుకునే కొద్దిమంది వాళ్లు. ఆ పది రోజులూ వాళ్లకీ నిద్ర లేదు. వాళ్ల ప్రెజర్ ఎవరు చూశారు?

వారం కొలిచాక తీసిన సగటు 148/94. ఇంట్లో కొలిచినప్పుడు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. 22న డాక్టర్ గారు ప్రెజర్ తగ్గించే మాత్ర, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు.

ఇంట్లో పెద్ద చర్చ. పాతపట్నం నుంచి వచ్చిన చిన్న మావయ్య, "మొదలెడితే ఇంక జీవితాంతం మింగాలమ్మా. ముందు ఉప్పు తగ్గించు, నడువు, చూద్దాం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఉప్పు రోజుకి అయిదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదని డాక్టర్ గారూ చెప్పారు. ఆవకాయ జాడీ పై అరలోకి వెళ్లింది. మహేంద్రతనయ నది వైపు నడకా మొదలైంది. కానీ నడక ఫలితం ఇచ్చేదాకా ఖాళీగా ఎదురుచూడటం నాకు ఇష్టం లేకపోయింది. సెట్టింగ్ పెట్టాం కదా, ప్యాచ్ తర్వాత చూద్దాం అన్నందుకు ఏమైందో ఆ వారమే చూశాను. మాత్ర వేసుకున్నాను. నాన్న వేసుకోలేదు.

28న 2.17.1 వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి కాల్. "ఈ రాత్రే వేసేద్దాం" అన్నారు లీడ్. నేను వివరాలు చదివి ఉన్నాను. ఈ లోపాన్ని వాడాలంటే ముందుగా లాగింగ్ సెట్టింగుల ఫైల్‌ని మార్చే అధికారం దొంగ చేతిలో ఉండాలి. మొదటిది ఊళ్లో ఎవడైనా తలుపు తోసుకుని రాగలిగినది, ఇది అలాంటిది కాదు. అదే చెప్పాను. ఆపైన నా రీడింగులూ చెప్పాను, గొంతు వణికినా. "ఇది పొద్దున్న పది గంటలకి నేనే వేస్తాను. ఇక నుంచి రాత్రంతా మేలుకుంటే మర్నాడు సెలవుగా లెక్కించాలి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టీమ్‌లో చిన్నవాడు, "అక్కా, నాకూ నెల రోజులుగా నిద్ర పట్టట్లేదు" అన్నాడు. సెలవు సంగతి పండగ తర్వాత చూద్దామన్నారు లీడ్. సంక్రాంతి వెళ్లాక నేనే గుర్తుచేశాను. ఫిబ్రవరి నుంచి అమలైంది.

ఆ రాత్రి ఫోను అమ్మ గదిలో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే అయిదు నిమిషాలు కూర్చుని కొలుచుకుంటే 134/86. నోటు పుస్తకంలో రాసుకుని, పదింటికి మొదటి సర్వర్ తెరిచాను.