రికెన్‌బ్యాకర్ చూడ్డానికి బెంగళూరు దాకా

మన దగ్గర రికెన్‌బ్యాకర్ 4003 బేస్ గిటార్ కావాలంటే షాపుకెళ్లి, వాయించి చూసి, కార్డు గీకి తెచ్చుకునే సీన్ లేదు. ఫెండర్ దొరుకుతుంది, ఐబనేజ్ దొరుకుతుంది, యమహా అయితే చెప్పక్కర్లేదు. రికెన్‌బ్యాకర్, ముద్దుగా రిక్, మాత్రం ఎవరైనా అమెరికా నుంచి మోసుకొస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కాలిఫోర్నియాలో శాంటా ఆనా అనే ఊళ్లో తయారవుతుంది, అంతే. ఫెండర్‌కి స్క్వయర్, గిబ్సన్‌కి ఎపిఫోన్ ఉన్నట్టు వీళ్లకి చవక బ్రాండ్ కూడా లేదు, ఉంటే ఒరిజినల్, లేకపోతే ఊరుకో అన్నట్టు ఉంటారు. కొత్తది అక్కడే రెండు వేల డాలర్ల పైమాట, దానికి షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేస్తే మా ఆవిడ ముందు ఆ నంబరు పైకి చదివే ధైర్యం నాకు లేదు.

అంత మోజెందుకు అంటే, బీటిల్స్ పాల్ మెకార్ట్నీ చేతికి 1965లో ఒక ఎడమచేతి వాటం 4001ఎస్, అంటే దీని పాత మోడల్, వచ్చింది, ఆ తర్వాత యెస్ బ్యాండ్ క్రిస్ స్క్వయర్, రష్ బ్యాండ్ గెడ్డీ లీ, మోటార్‌హెడ్ బ్యాండ్ లెమ్మీ, మెటాలికా బ్యాండ్ క్లిఫ్ బర్టన్, వీళ్లంతా ఏదో ఒక టైంలో ఇది తగిలించుకున్నవాళ్లే. నా సంగతి వేరే. ఇళయరాజా పాటల్లో బేస్ లైన్ వింటూ పెరిగినవాణ్ణి నేను, బేస్ అంటే అడుగున గుమ్ గుమ్ అని సర్దుకుపోయేది కాదు, అదీ పక్కన ఒక పాట పాడుతుంది అని చిన్నప్పుడే చెవికెక్కింది. ఆ పాడే గుణం రిక్‌లో ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. యూట్యూబ్‌లో విని పెట్టుకున్న నమ్మకమే లెండి, చేత్తో పట్టుకుని ఎప్పుడూ చూడలేదు.

అలాంటప్పుడు మా డ్రమ్మర్ వాట్సాప్‌లో ఒక ఫొటో పడేశాడు. బెంగళూరులో ఒకాయన అమ్ముతున్నాడట, ఫైర్‌గ్లో రంగు, అంటే అంచుల్లో ఎర్రగా మొదలై మధ్యలోకి వచ్చేసరికి తేనె రంగులోకి మారేది. మదనపల్లె వాళ్లు, శాన్ హోసేలో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి వెనక్కి వచ్చేశారు, 2010లో అక్కడ కొత్తది కొన్నారు. ధర రెండు లక్షలు. ఫోన్ చేస్తే ఒకటే మాట, "వచ్చి వాయించి చూసుకో నాయనా, నచ్చితేనే తీసుకో, ఫోన్లో బేరాలొద్దు." నాకు ఆ మాటతోనే సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం కోసం ఫొటోలు అడిగాను.

ఫొటోలు ఎందుకంటే నకిలీలు. రిక్‌కి ఉన్నన్ని నకిలీలు ఇంకో బేస్‌కి ఉన్నాయో లేదో గానీ, చికెన్‌బ్యాకర్ అని వాటికో ముద్దుపేరు కూడా ఉంది. బ్రాండ్ పేరు ఉండేది హెడ్‌స్టాక్ మీద, అంటే మెడ చివర తీగలు బిగించే చోట, ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ) కొసని కప్పే ప్లాస్టిక్ ముక్క మీద, దాన్ని ఎవడైనా మార్చేయొచ్చు. సీరియల్ నంబరు కేబుల్ గుచ్చే జాక్ ప్లేట్ మీద ఉంటుంది, అదీ స్క్రూలు విప్పితే ఊడొచ్చేదే. కాబట్టి ఆ రెండూ చూసి మురిసిపోతే లాభం లేదు, వెనక్కి తిప్పాలి. అసలు 4003కి మెడ విడిగా ఉండదు, హెడ్‌స్టాక్ నుంచి కింద స్ట్రాప్ బటన్ దాకా ఒకటే మేపుల్ చెక్క పోతుంది, బాడీ రెక్కల్ని దానికి రెండు పక్కలా అతికిస్తారు. చాలా నకిలీల్లో వెనక నాలుగు బోల్టులు కనిపిస్తాయి, అక్కడే దొరికిపోతారు. కొంచెం తెలివైన నకిలీలు మెడని కూడా అలాగే చేస్తున్నాయి, అప్పుడు ట్రస్ రాడ్ కవర్ విప్పి లోపల రెండు నట్లు ఉన్నాయా లేదా చూడాలి, 2010 నాటి రిక్ బేస్‌లో ట్రస్ రాడ్లు రెండు. అంకుల్ పాపం అన్నీ తీసి పంపారు. ఫైర్‌గ్లోతో ఒక సుఖం ఏంటంటే రంగులోంచి చెక్క కనిపిస్తుంది, అతుకు గీతలు రెండూ ఫొటోలోనే తెలిసిపోయాయి. నల్లదైతే ఆ అవకాశం లేదు.

సరే, శుక్రవారం రాత్రి స్లీపర్ బస్సెక్కేశాను. బ్యాగులో నా సొంత కేబుల్, చిన్న ట్యూనర్, తీగలు మీటడానికి నేను వాడే పిక్స్, ఒక స్టీల్ స్కేలు. సొంత కేబుల్ ఎందుకంటే గరగర వస్తే అది గిటార్‌దా కేబుల్‌దా అని అక్కడ కూర్చుని పంచాయితీ పెట్టుకునే పని ఉండదు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆంటీ ఇడ్లీ పెట్టేశారు, తినేదాకా కేసు తెరవనివ్వలేదు. తర్వాత అంకుల్ కేసు తెచ్చి సోఫా మీద పెట్టి, లాచ్‌లు తీసి, "చూసుకో, యాడన్నా గీతలుంటే ఇప్పుడే చెప్పు" అని కాస్త దూరంగా వెళ్లి నిలబడ్డారు. కళ్ల ముందు అది. ఇన్నాళ్లూ ఫోన్ స్క్రీన్ మీద జూమ్ చేసి చూసిన ఆ పక్షి రెక్కలాంటి కొమ్ము, అంచు చుట్టూ తెల్లటి పట్టీలాంటి బైండింగ్, ఫ్రెట్‌బోర్డ్ మీద త్రికోణాలు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అరుదైన వస్తువు అని మనసులో పడితే చాలు చెవి పని చేయడం మానేస్తుంది, ఏం వాయించినా అబ్బ అనిపిస్తుంది, లోపం కనపడినా ఇది వింటేజ్ క్యారెక్టర్‌లే అని మనమే వకాల్తా పుచ్చుకుంటాం. అందుకే నేను బస్సులోనే ఒకటి అనుకున్నా, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు టైర్లు, చైను, ఇంజిన్ సౌండు చూసినట్టు దీన్నీ చూడాలి, పేరు గుర్తు పెట్టుకోకూడదు అని.

మొదట ప్లగ్ పెట్టకుండానే చూశాను. ఈ మోడల్‌కి పేరుమోసిన జబ్బు టెయిల్‌పీస్ లేవడం. తీగల్ని పట్టి ఉంచే ఆ పోత లోహం ముక్క, తీగల లాగుడికి ఏళ్ల తరబడి వెనక వైపు మెల్లగా పైకి లేస్తుంది, బాడీకీ దానికీ మధ్య సందు పడుతుంది. కంటికి సరిగ్గా తెలీదు, అందుకని జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి వెనక అంచు కింద తోశాను. దూరింది. ఎడమ పక్క కొంచెం, కుడి పక్క ఇంకాస్త ఎక్కువ. రెండో కార్డు కలిపి తోస్తే వెళ్లలేదు. అంటే లేచింది గానీ ప్రమాదం లేదు, చాలా రిక్‌లు ఇలా లేచే బతికేస్తుంటాయి, మరీ పెరిగితే హిప్‌షాట్ అనే కంపెనీ వాళ్లు దీనికి సరిపోయే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే ముక్క) చేస్తారు, అది వేసుకోవచ్చు. అంకుల్‌కి కార్డు చూపిస్తే, "ఇన్నేండ్లూ నేను చూడనే లేదే" అని కళ్లజోడు పెట్టుకుని ఆయనా ఒకసారి తోసి చూశారు.

తర్వాత నెక్, అంటే మెడ. E తీగని మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టి మధ్యలో సందు చూశాను, సన్నగా, ఉండాల్సినంతే ఉంది. G తీగ మీదా అలాగే, అంటే మెలిక పడలేదు. రెండు ట్రస్ రాడ్లు ఉన్నందుకు మెలిక సరిచేసుకునే వీలు కూడా ఉంటుందంటారు గానీ ఎవరు పడితే వాళ్లు కెలికే పని కాదది. మొదటి మూడు నాలుగు ఫ్రెట్లు కాస్త అరిగాయి, మిగతావి కొత్తవాటిలాగే. అంకుల్ పైకి వెళ్లేవారు కాదన్నమాట. ట్యూన్ చేసి, ప్రతి తీగకీ పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో చూశాను, రెండూ ఒకటే రావాలి. A తీగ ఒక్కటే నొక్కినప్పుడు కొంచెం ఎక్కువ చూపించింది. దీని బ్రిడ్జ్‌లో అది సరిచేసే స్క్రూల దగ్గరికి స్క్రూడ్రైవర్ చేరడమే చిరాకు, అది తర్వాత ఇంట్లో తీరిగ్గా చేసుకునే పని. ఆ తర్వాత G తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ స్వరం ఎంతసేపు నిలబడుతుందో విన్నాను. నా పాత బేస్‌లో ఐదో ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం పుటుక్కున చచ్చిపోతుంది, ఇందులో అన్నీ దాదాపు సమానంగా సాగాయి.

ఆంప్ పెట్టగానే గుయ్యిమని హమ్. అంకుల్ మొహం వాడిపోయింది. నేను తీగల మీద చెయ్యి పెడితే సగం తగ్గింది. లోపల ఎర్త్ వైరు బాగానే ఉంది, గోడ ప్లగ్గులోనే ఎర్త్ సరిగ్గా లేదేమో అని నాకు డౌటు. ఇంట్లో ఎర్త్ ఖాయంగా ఉన్న ప్లగ్ ఏది అంటే వాషింగ్ మెషీన్‌ది అన్నారు ఆంటీ. అలా యుటిలిటీ ఏరియాలో, సర్ఫ్ డబ్బా పక్కన ఆంప్ పెట్టి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని నా మొదటి రిక్ వాయించాను. అక్కడ హమ్ బాగా తగ్గింది. ఇందులో పికప్‌లు, అంటే తీగల కదలికని పట్టి ఆంప్‌కి పంపేవి, సింగిల్ కాయిల్ రకం కాబట్టి హమ్ ఎంతో కొంత ఉంటుంది, అది జబ్బు కాదు. నాబ్‌లన్నీ తిప్పి చూశాను, బ్రిడ్జ్ పికప్ వాల్యూమ్ ఒకటే మధ్యలో బరబరమంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోయేదే. టోన్ నాబ్‌లలో ఒకటి పైకి లాగితే పాత 4001లలో ఉండే కెపాసిటర్ అనే చిన్న భాగం లైన్లోకి వచ్చి బ్రిడ్జ్ పికప్ సౌండు సన్నబడుతుంది, అదీ పనిచేస్తోంది. రెండో జాక్ కూడా ఉంది, దాన్ని రిక్-ఓ-సౌండ్ అంటారు, స్టీరియో కేబుల్ పెడితే ఒక్కో పికప్‌ని ఒక్కో ఆంప్‌కి పంపొచ్చు. అక్కడ ఒకటే ఆంప్, నా దగ్గర ఉన్నది మోనో కేబుల్, అది వదిలేశాం.

ఇక సౌండు. రిక్ చేతికిస్తే అందరూ ఆ పాత బ్రిటిష్ రాక్ రిఫ్‌లే అందుకుంటారు, అవి ఎలాగూ బాగుంటాయి, బాగుంటాయనే వాయించకూడదు. నేను వారం వారం వాయించేది సంగీత్ ఫంక్షన్లలో, కార్పొరేట్ షోల్లో తెలుగు, హిందీ పాటలు. అవే వాయించాను. ముందు నెక్ పికప్ ఒక్కటే, వేళ్లతో. గుండ్రంగా, లావుగా, కానీ మెత్తగా కాదు, స్వరం మొదలయ్యేచోట ఒక చిన్న అంచు ఉంటుంది, ఆ అంచు వల్ల ప్రతి స్వరం విడివిడిగా వినిపిస్తుంది. తర్వాత బ్రిడ్జ్ పికప్, పిక్‌తో. అమ్మో. వైండింగ్ తీగ ఫ్రెట్‌కి తగిలే ఆ లోహపు గరుకు, పియానోలో ఎడమ చేతి వైపు బరువైన కీలు కొట్టినప్పుడు వచ్చే మోత, దానికి కింద ఇంకా బేస్ ఉంది. రెండు పికప్‌లూ కలిపి ట్రెబుల్ కాస్త తగ్గిస్తే నాకు కావాల్సింది అక్కడ దొరికింది. పల్లవికి చరణానికి మధ్య వచ్చే బిట్‌లో బేస్ పైకెళ్లి కిందకి దిగే లైన్లు ఉంటాయి కదా, అవి కీబోర్డ్ లేకుండానే పాటలా నిలబడ్డాయి. ఆంటీ వంటింట్లోంచి తల బయటపెట్టి ఏ పాటో చెప్పేశారు. బేస్ లైన్ విని పాట పట్టేశారు, ఇంతకన్నా టెస్టు ఏం కావాలి.

అయితే సుఖంగా ఉందా అంటే పూర్తిగా లేదు. బాడీ అంచు పదును, కుడి ముంజేతి కింద బైండింగ్ గుచ్చుకుని కాసేపటికి ఎర్రటి గీత పడింది. ఇంకోటి, బ్రిడ్జ్ పికప్ మీద ఉండే క్రోమ్ కవర్. చూడ్డానికి దర్జా, వాయించడానికి అడ్డం, సరిగ్గా నా వేళ్లు ఉండాల్సిన చోటే కూర్చుంది. చాలామంది తీసేస్తారు. నేను ఆ మాట అనేసరికి అంకుల్, "ఆ రేకు తీస్తే ఇంక దాని మొగం యాడుంటాది?" అన్నారు, మళ్లీ ఆయనే, "నీదైనాక నీ ఇష్టం నాయనా" అన్నారు. స్కేల్ పొడవు మాత్రం నాకు కలిసొచ్చింది, ఫెండర్ 34 అంగుళాలు, ఇది 33 పావు, వినడానికి ముప్పావు అంగుళమే గానీ మొదటి ఫ్రెట్ దగ్గర నా చిటికెన వేలుకి తేడా తెలిసింది.

బేరం దగ్గర పెద్ద నాటకం ఏం జరగలేదు. టెయిల్‌పీస్, అరిగిన ఫ్రెట్లు, బరబర నాబ్, మూడూ చెప్పి లక్షా అరవై అన్నాను, ఆయన లక్షా ఎనభై అన్నారు, లక్షా డెబ్బైకి ఆంటీ తీర్పు చెప్పారు. కేసు ఇచ్చారు, స్ట్రాప్ మాత్రం ఇవ్వలేదు, అది శాన్ హోసేలో కొన్న తోలు స్ట్రాపట. యూపీఐలో లక్ష దాటి పోదు, మిగతాది బ్యాంక్ యాప్‌లో పంపుదామంటే కొత్తగా చేర్చిన అకౌంట్‌కి మొదటి రోజు లిమిట్ అంటూ ఆపేసింది. అంకుల్ "రేపు పంపులే, తీస్కపో" అన్నారు. ఆంటీ మాత్రం "అట్లే గానీ, నీ ఆధార్ కార్డు ఫొటో ఒకటి పంపించిపో బాబూ" అన్నారు. పంపించాను. నేనైనా అదే అడుగుతాను.

తిరుగు బస్సులో కేసుని డిక్కీలో పెట్టమన్నాడు క్లీనర్, ఒప్పుకోలేదు, బెర్త్ మీద అది గోడ వైపు, నేను ఇటు అంచున. మర్నాడు పొద్దున్నే మిగతా డబ్బు పంపి, అంకుల్ దగ్గర్నుంచి అందింది అని మెసేజ్ వచ్చాకే కేసు తెరిచాను.

ఇప్పటికి చేసింది నాబ్‌కి క్లీనర్ కొట్టడం, కాస్త సన్నపు గేజ్ తీగలు వేయడం, లాగుడు తగ్గితే టెయిల్‌పీస్ ఇంకా లేవకుండా ఉంటుందని. క్రోమ్ కవర్ ఇంకా తీయలేదు, రోజూ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చుంటున్నాను, అంకుల్ మాట గుర్తొచ్చి పక్కన పెట్టేస్తున్నాను. ముంజేతికి పాత సాక్స్ కత్తిరించి తొడుక్కుంటున్నా, స్టేజ్ మీద ఎలా ఉంటుందో తెలీదు. బుధవారం రిహార్సల్ ఉంది, మా డ్రమ్మర్ అప్పుడే మెసేజ్ పెట్టాడు, పాత బేస్ కూడా పట్రా, ఎందుకైనా మంచిది అని.