అంగిలిలో దాగిన కోరపన్ను

నేను పాలకొల్లులో ఫిజిక్స్ చెప్పే టీచరును. నా పై వరసలో కుడివైపు కోరపన్ను ఉండవలసిన చోట ముప్పై నాలుగేళ్ళు వచ్చినా పాలపన్నే ఉండిపోయింది. అది కదలడం మొదలై, పక్కనున్న ముందుపన్ను ఒరిగి, అంగిలిలో నాలుకకు తగిలేలా చిన్న ఉబ్బు తేలేసరికి భీమవరంలో పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. అసలు కోరపన్ను బయటికి రాకుండా అంగిలి ఎముకలో ఏటవాలుగా పడుకుని ఉందనీ, దాని తల చుట్టూ నీటి తిత్తి కట్టిందనీ, పక్కపంటి వేరు కొంత అరిగిందనీ స్కాన్‌లో తేలింది. పై కోరపన్ను ఇలా లోపలే ఉండిపోవడం నూటికి ఒకరిద్దరిలో కనిపించేదేననీ, మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువనీ, తిత్తి తీసేసి, ఆ పంటికి సన్నటి గొలుసు అతికించి, క్లిప్పుల సాయంతో మెల్లగా వరసలోకి లాగవచ్చనీ డాక్టరమ్మ గారు వివరించారు.

నాకు ఆపరేషన్ కన్నా సూది అంటేనే భయం. చిన్నప్పుడు ఒకాయన మత్తు పూర్తిగా ఎక్కకముందే నా దవడపన్ను లాగేసి, నేను ఏడిస్తే "ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అని గద్దించాడు. నొప్పి ఓర్చుకోవడాన్ని, ముఖ్యంగా ఆడపిల్లలు ఓర్చుకోవడాన్ని, మా వైపు ఇళ్ళలో ఇప్పటికీ గుణంగానే లెక్కిస్తారు. అందుకే ఈ డాక్టరమ్మ గారు నోరు తెరవమనడానికి ముందే "ఇదివరకు పళ్ళ వైద్యంలో ఎప్పుడైనా బాగా నొప్పి పడ్డారాండీ?" అని అడిగి, నేను చెప్పినదంతా కాగితం మీద రాసుకుంటే నాకు వింతగా అనిపించింది.

నోటిలో ఇచ్చే ఇంజెక్షన్లలో అంగిలిది ఎక్కువ బాధిస్తుందని ఆమె దాచకుండా చెప్పారు. అక్కడ చర్మం ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కనుక మందు సర్దుకోవడానికి చోటుండదు; వేగంగా ఎక్కిస్తే ఆ ఒత్తిడే నొప్పి అవుతుంది. ముందుగా మొద్దుబార్చే జెల్ రాసి, కొన్ని నిమిషాలు ఆగి, దూదిపుల్లతో ఆ చోటును గట్టిగా నొక్కి పట్టుకునే, పక్కనుంచి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. నొక్కుడు స్పర్శ నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే కొంత అడ్డగిస్తుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆ దూదిపుల్ల వెనక ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. ఎక్కించిన మందు లిడోకెయిన్. స్వీడన్‌లో 1943లో తయారైన ఆ మందునే ఈనాటికీ పళ్ళ డాక్టర్లు ఎక్కువగా వాడుతున్నారు. తిత్తి తీస్తున్నంతసేపూ లాగుతున్నట్టు, తోస్తున్నట్టు తెలిసింది తప్ప నొప్పి తెలియలేదు. తిత్తిని పరీక్షకు పంపితే ప్రమాదకరమైనదేమీ లేదని రిపోర్టు వచ్చింది.

అసలు బాధ క్లిప్పులతో వచ్చింది. వైరు బిగించిన సాయంత్రానికి సలుపు మొదలై, మరునాటికి అన్నం మెతుకు నమిలినా జివ్వుమనేది. ఇలాగే ఉంటుందని ముందే చెప్పి, నాకొక కాగితం ఇచ్చారు. దాని మీద పది సెంటీమీటర్ల గీత, ఎడమ కొసన "నొప్పి లేదు", కుడి కొసన "ఊహించగలిగినంత నొప్పి" అని ఉంది, అంకెలేమీ లేవు. నొప్పి ఎంత ఉంటే గీత మీద అంత దూరంలో రోజూ గుర్తు పెట్టాలి. నొప్పి మీద జరిగే పరిశోధనల్లో వాడే కొలబద్ద అదే. క్లిప్పుల నొప్పి కొన్ని గంటల్లో మొదలై, సుమారు ఒక రోజుకు తారస్థాయికి చేరి, వారంలోపు తగ్గిపోతుందని ఆ పరిశోధనలు చెబుతున్నాయి. నేను పెట్టిన గుర్తులు కూడా మరునాడు కుడికి జరిగి, ఆపైన రోజురోజుకూ ఎడమకు వచ్చాయి. మళ్ళీ బిగించిన ప్రతిసారీ రేపటి సలుపు ఎల్లుండికి అంత ఉండదని తెలిసి ఉండటం నాకు మాత్రతో సమానంగా పనిచేసింది.

మాత్రల విషయంలో ఇంట్లో చిన్న తగవు నడిచింది. మా అత్తయ్య గారు లవంగనూనె దూది పెట్టుకోమనేవారు. మా మరిది బ్రూఫెన్ తెచ్చాడు. డాక్టరమ్మ గారు రెండూ వద్దని పారాసెటమాల్ రాశారు. పంటికీ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఉంటుంది. వైరు లాగినప్పుడు అది ఒక పక్క నలిగి, ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు పుడతాయి. నొప్పికి కారణం అవే, ఎముక కరిగి పన్ను కదలడానికి తోడ్పడేవీ అవే. బ్రూఫెన్ వాటిని అణచివేస్తుంది కనుక పన్ను కదలిక మందగించవచ్చని జంతువుల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో కనిపించింది. పైగా అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించి 2017లో వెలువరించిన కొక్రేన్ సమీక్ష ప్రకారం నొప్పి తగ్గించడంలో ఆ జాతి మందులకూ పారాసెటమాల్‌కూ స్పష్టమైన తేడా ఏమీ లేదు. నొప్పి తగ్గడానికి పెట్టే లేజర్ కాంతి గురించి అడిగితే, స్వల్పకాలం మేలు చేయవచ్చు గాని ఆధారాలు బలహీనమని ఆమె నవ్వి ఊరుకున్నారు. నా వైరు నికెల్, టైటానియం కలిసిన మిశ్రలోహం, నోటి వేడికి బిగిసే రకం. చల్లని నీళ్ళు పుక్కిలిస్తే కాసేపు మెత్తబడి లాగుడు తగ్గుతుంది. వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టిన తాటిముంజలు తిన్నప్పుడూ ఆ హాయే కలిగేది. పాఠంలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

క్లిప్పులు వేసిన మరునాడు ఆసుపత్రి నుంచి ఒక పీజీ డాక్టరు ఫోన్ చేసి "ఎలా ఉందండీ?" అని అడిగాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు, కానీ పెట్టేశాక సలుపు తేలికపడినట్టనిపించింది. అది నా భ్రమేననుకున్నాను. అయితే 2005లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, క్లిప్పులు వేసుకున్నవారిలో కొందరికి సలహాలతో కూడిన ఫోను, కొందరికి ఊరికే పలకరింపు ఫోను చేసి, మిగిలినవారికి అసలు ఫోను చేయలేదట. ఫోను అందుకున్న రెండు గుంపులవారూ, అందుకోనివారి కన్నా తక్కువ నొప్పి, తక్కువ ఆందోళన చెప్పారు. ఆ రెండు గుంపుల మధ్య మాత్రం తేడా లేదు. ఖర్చు లేని ఈ పద్ధతిని మా డెల్టాలో ప్రతి పళ్ళ క్లినిక్కూ ఎందుకు పాటించదో నాకు అర్థం కాదు.

కోరపన్ను వరసలోకి రావడానికి రెండేళ్ళు పైనే పట్టింది. చేగోడీలు, జంతికలు మానేసి, చేపల పులుసులో ముళ్ళు తీయించుకుని తిన్నాను. తిత్తి ఉన్న చోట ఎముక నిండిందని తరువాతి ఎక్స్‌రేలో కనిపించింది. క్లిప్పులు తీసేశారు, పళ్ళు వెనక్కి జరగకుండా రాత్రిపూట రిటైనర్ పెట్టుకుంటున్నాను. అరిగిన పక్కపంటి వేరు మళ్ళీ పెరగదు, కోరపంటి మీద చిగురు కూడా కాస్త పైకి పోయి ఉంది. రెండింటినీ ఏడాదికోసారి చూసుకుంటూ ఉందామన్నారు డాక్టరమ్మ గారు.